దశరథరామయ్య గారి సల్ఫైడు

చుక్క పడాలి, బుడగ రావాలి, ఆ బుడగ పోయాక ఇంకో చుక్క పడాలి, ఇంతే పని, దీనికోసమా నువ్వు ఎమ్మెస్సీ చదివింది అని మా అమ్మ అడిగితే ఏం చెప్పను, అవునమ్మా దీనికోసమే అంటాను. మా అమ్మకి ఓపిక తక్కువ. పులుసులో చింతపండు రసమైనా ఒక్కసారే గుమ్మరిస్తుంది. ఆవిడే గనక ఇక్కడుంటే ఈ గరాటు నా చేతిలోంచి లాక్కుని మొత్తం ఒంపేసి చెయ్యి దులుపుకునేది, ఆ తర్వాత ఈ లాబ్‌కి పైకప్పు మిగిలేది కాదు. కుడిచెయ్యి గరాటు కుళాయి మీద, ఎడమచేతిలో గాజుకడ్డీ. గరాటులో చల్లటి డయజోనియం ద్రావణం, పలచటి టీ నీళ్ళ రంగు, చూడ్డానికి పాపం పుణ్యం తెలియనట్టే ఉంటుంది. కింద ఫ్లాస్కులో, క్షారంలో కరిగించిన థయోఫీనాల్, గంధకం దాంట్లోదే, అది మాత్రం వేడిగా ఉండాలి, డెబ్బై డిగ్రీల దగ్గర, ఫ్లాస్కు నీళ్ళ గిన్నెలో, గిన్నె పంపు స్టవ్ మీద, స్టవ్ బుర్రుమంటూ. చల్లటి చుక్క వేడి నీళ్ళలో పడగానే అందులో ఉన్న నైట్రోజన్ బుడగై ఎగిరిపోతుంది, మిగిలింది గంధకాన్ని పట్టుకుని సల్ఫైడై నూనెలా తేరుతుంది. ఆదివారం మధ్యాహ్నం, తెనాలి తెనాలంతా భోంచేసి నడుం వాల్చింది, కాలేజీలో నేనూ ఈ చుక్కలూ, తలుపు దగ్గర స్టూలు మీద పేపరు అడ్డం పెట్టుకుని మా దశరథరామయ్య సార్. ఈ పూట నాకు రెండు కావాలి. ఒకటి ఈ సల్ఫైడు, నా పరిశోధనకి ఇది లేకుండా అడుగు పడదు, గుంటూరులో మా గైడు ఎప్పటినుంచో అడుగుతున్నారు. రెండోది, ఆ స్టూలు మీది మనిషి లేచొచ్చి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఈ కుళాయి పట్టుకోవడం. మొదటిది ఈ ఆదివారం కాకపోతే వచ్చే ఆదివారం చేసుకోగలను. రెండోదానికి వ్యవధి లేదు, నెలాఖరుకి ఆయన రిటైరవుతున్నారు.

బుడగ. చుక్క. వాసన మొదలైంది. థయోఫీనాల్ వాసన ఇదని చెప్పడం కష్టం, కుళ్ళిన వెల్లుల్లి అంటే వెల్లుల్లికి కోపం వస్తుంది, రబ్బరు కాల్చి అందులో వెల్లుల్లి దంచి వారం రోజులు మూతపెడితే కొంత దగ్గరికి వస్తుందేమో. కిటికీలన్నీ తెరిచాను, అయినా చీరకి పడుతుంది, జడకి పడుతుంది, సబ్బుకి లొంగదు. పోయిన వారం ఇలాగే సీసా తీసి చూసుకుని సాయంత్రం రేపల్లె బండి ఎక్కితే, చినరావూరు దాటేసరికి నా పక్క సీటు ఖాళీ, జంపని వచ్చేసరికి ఎదుటి సీటు ఖాళీ, వేమూరులో ఎక్కిన సుబ్బాయమ్మ గారు, తెలిసినావిడే, ఎవరమ్మా పెట్టెలో పచ్చడి జాడీ పగలగొట్టిందీ అని అందరినీ గదమాయించి, నన్ను చూసి, నువ్వా కోటిరత్నం, కాలేజీ నుంచేనా అని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని మరీ పక్కన కూర్చుంది. ఆవిడ మంచితనం ఆవిడది. నాకు మాత్రం నవ్వొచ్చింది, ఎందుకంటే చిన్నప్పుడు బాపట్ల హైస్కూల్లో నా పక్కన కూర్చోమంటే పిల్లలు మూతులు ముడిచేవాళ్ళు, సూర్యలంక నుంచి వచ్చే పిల్ల, చేపల వాసన అని. అప్పుడు ఏడిచాను. ఇప్పుడు ఆవిడ దిగిపోయాక రెండు బెంచీలు నావే, కాళ్ళు చాపుకుని రేపల్లె దాకా వెళ్ళాను. ఇంటికెళితే మా ఆయన లక్ష్మయ్య గుమ్మంలోనే బకెట్టు నీళ్ళతో నిలబడి, కాలేజీకెళ్ళొచ్చావా, వెల్లుల్లి మిల్లుకెళ్ళొచ్చావా అన్నాడు. అని, నాకు ఇష్టమని కొర్రమీను ముక్కలు వేయించి పెట్టాడు. దేశంలో ఎంతమంది ఆడవాళ్ళకి ఇది దొరుకుతుంది, పెళ్ళాం ఒంటి నిండా గంధకం కంపుతో వస్తే చేప వేయించిపెట్టే మొగుడు. మా అత్తగారు కూడా ఏమీ అనలేదు, ఆవిడకి జలుబు.

చుక్క. ఇది కొంచెం పెద్దది పడింది, బుడగలు కూడా గుంపుగా లేచాయి, నిదానం తల్లీ నిదానం. డయజోనియం ఉప్పులు కోపిష్టివి. చల్లగా ఐసులో ఉన్నంతసేపే బుద్ధిగా ఉంటాయి, ఆరబెడితే పేలతాయి, అందుకే అనిలీన్ నుంచి ఎప్పుడు తయారుచేస్తే అప్పుడే వాడెయ్యాలి, దాచుకోకూడదు. ఇక్కడ పాఠాల్లో సార్, నేనూ పిల్లలకి చెప్పేది కూడా అదే, ఐసు, ఐసు, ఐసు. పేరాలలో నేతవాళ్ళింటికి ఒకసారి మా నాన్నతో వెళ్ళినప్పుడు చూశాను, నూలు చిలపల్ని, అంటే నూలు కట్టల్ని, ముందు ఒక తొట్టిలో ముంచి, పిండి, తర్వాత ఐసు ముక్కలు వేసిన రెండో తొట్టిలో ముంచేవాళ్ళు, తెల్ల నూలు మన కళ్ళముందే ఎర్రబడేది, మంత్రం వేసినట్టు. అక్కడ రెండో తొట్టిలో ఉండేదీ డయజోనే అని చాలా ఏళ్ళకి సార్ క్లాసులో చెప్పినప్పుడు నేను గట్టిగా అవునండి నేను చూశానండి అని లేచి నిలబడ్డాను, క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ రంగు ఏ వీధిలో చూశావో చెప్పమ్మా, ఈ ఆదివారం వెళ్దాం అన్నారు. అలాంటి మనిషి. అప్పట్లో ఆయన చేతులు ఎప్పుడూ గాజు మీదే ఉండేవి, పరీక్షనాళికని రెండు వేళ్ళతో పట్టుకుని మంట మీద ఆడిస్తుంటే పిల్లని లాలిస్తున్నట్టు ఉండేది. వడ్లమూడిలో వాళ్ళ నాన్నగారికి పొలాలు, వీడు అరక పట్టకుండా గాజు గొట్టాలు పట్టాడేమిట్రా అని ఆయన బాధ. ఈయనకది చెవికెక్కితేనా.

ఐసు మా నాన్నది. నాన్న పేరు అంకయ్య, బాపట్ల ఐసు ఫ్యాక్టరీ నుంచి సూర్యలంక రేవుకి బండి మీద గడ్డలు తోలేవాడు, ఊకలో పెట్టి, గోనెలు కప్పి. నేను పీయూసీలో చేరిన ఏడాది, సార్ అప్పుడు బాపట్ల కాలేజీలోనే, దారిలోనేగా అని అక్కడ బండి ఆపి సార్‌కి ఒక గడ్డ దించేసి పోయేవాడు. కూతురికి చదువు చెప్పే మనిషికి ఊరికే ఏమిస్తాం, ఐసు ఇస్తాం. మా ఇళ్ళల్లో ఐసంటే అన్నంతో సమానం, చేపకి ఐసు తగ్గిందంటే ఆ రోజు కూలి గంగలో కలిసినట్టే. అందుకని గడ్డ దించుతూ ప్రతిసారీ ఒక మాట చెప్పేవాడు. "ఐసు కరువు చెయ్యబాకండి సార్. సల్లగున్నది ఏదీ సెడదు." సార్ నవ్వి, అలాగే అంకయ్యా అనేవారు. ఒక రోజు ఆయన ఇదే సల్ఫైడు చేస్తున్నారు. డయజోని చల్లగా ఉంచారు, అది సరే. ఐసు బోలెడు ఉంది కదా, అందునా జాగ్రత్త గల మనిషి కదా, ఈ రెండోదాన్ని, థయోఫీనాల్ ద్రావణాన్ని కూడా ఐసులో పెట్టేశారు. చల్లగా ఉంటే ఏం చెడుతుందిలే అని. అక్కడే చెడింది. చల్లటి దాంట్లో చుక్క పడితే బుడగ రాదు, గంధకమూ డయజో అలాగే కలిసి పచ్చటి పిండిలా అడుగున పేరుకుంటాయి, చుక్క మీద చుక్క, ఏమీ జరగనట్టే ఉంటుంది, లోపల మాత్రం కోపం కూడబెట్టుకుంటూ ఉంటుంది. కడ్డీతో కదిపేసరికి మొత్తం ఒక్కసారి లేచింది. నేను వరండాలో ఉన్నాను, చప్పుడు విని రిక్షా టైరు పేలిందనుకున్నాను. సార్‌కి ఎడమ కన్ను పోయింది, గడ్డం నిండా గాజు.

చుక్క. నాన్న ఆ తర్వాత కాలేజీ వీధిలోంచి బండి తోలడం మానేశాడు, చుట్టు తిరిగి పోయేవాడు. నా మాట విన్నాడే మారాజు, నా మాట విన్నాడే అని అమ్మ దగ్గర ఏడ్చాడు. సార్ గారు తెనాలికి మారినా ప్రతి ఆదివారం బాపట్ల నుంచి చేపలు, ఎండాకాలమైతే రొయ్యలు, ఏదో ఒకటి బండిలో పంపించేవాడు, ఇప్పటికీ పంపిస్తున్నాడు. సార్ భార్య దుర్గాంబ గారు ఒకసారి నన్ను పట్టుకుని, మీ నాన్నకి చెప్పమ్మా, మాకు తినీ తినీ వంటి మీద పొలుసులు మొలుస్తున్నాయి అన్నారు. చెప్పాను. నాన్న వినలేదు. ఈ రోజు సంగతి కూడా నాన్నకి ముందే తెలుసు, ఐసు ఎక్కడిదైనా వాడుకోవచ్చు, తెనాలిలో ఫ్యాక్టరీలు లేవా, కాని నాన్ననే అడగాలని నాకనిపించింది. పొద్దున్నే ప్యాసింజర్లో పంపాడు. గోనె విప్పి చూస్తే సగం గడ్డే ఉంది. సగం ఎందుకు కోశాడు నాన్న అంటే, తీసుకొచ్చిన మనిషి చెప్పాడు, ఈసారి ఎక్కువ పెట్టనని ఒట్టేసుకున్నాట్ట.

ఆ దుర్గాంబ గారే అసలు సంగతి కూడా చెప్పారు, వంటింట్లో, గొంతు తగ్గించి. మా ఇంట్లో గాజన్నది లేదు చూశావా కోటిరత్నం, కాఫీకి స్టీలు గ్లాసే, మందుకి స్టీలు గ్లాసే, అద్దం కూడా మా గదిలో నా పెట్టె మీదే ఉంటుంది, ఆయన గడ్డం మంగలి దగ్గరే. ఒకసారి మా తమ్ముడు సోడా సీసా చేతికిస్తే వద్దురా అన్నారు, నీళ్ళే తాగారు. లాబ్‌కి వెళ్ళకపోతే పోయె, పాఠాలు చెప్పుకుంటున్నారు, ఎవరికీ లోటు లేదు. కాని మనిషి లోపల మూత బిగించేసుకున్నాడమ్మా. రిటైరై ఇంట్లో కూర్చుంటే ఇక అంతే. నేనేం చెయ్యగలనండి అన్నాను. నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చూడు అన్నారు. ఆవిడ లెక్కలో చదువుకున్నవాళ్ళకి అన్నీ వస్తాయి. చల్లకొచ్చి ముంత దాచడం నా స్వభావం కాదు, తిన్నగా వెళ్ళి, సార్, ఆదివారం డైఫినైల్ సల్ఫైడు చేస్తున్నాను, మీరు రావాలి అన్నాను. ఆయన ఒకటే అడిగారు. "రెండోది వేడిగానే ఉంచుతావుగా?" అవునండి అన్నాను. "తలుపు దగ్గర కూర్చుంటాను. లోపలికి రమ్మనకు." ఆ మాట మీదే ఉన్నారు. పేపరు మొదటి పేజీ తిప్పగా నేను చూడలేదు.

గరాటులో సగానికి వచ్చింది. ఐసు గిన్నెలోంచి ఇంకొంచెం డయజో తీసి పోశాను. పిలవాలా, వద్దా. చెయ్యి నొప్పి పెడుతోంది సార్, కాస్త పట్టుకోండి అనొచ్చు, అబద్ధం, ఆయన కనిపెట్టేస్తారు, ఒంటికన్నుతోనే పరీక్ష హాల్లో చీటీలు పట్టుకునే మనిషి. ఉద్యమం రోజుల్లో నెలల తరబడి కాలేజీ మూసేసినప్పుడు కూడా రోజూ వచ్చి ఆ తలుపు దాకా నడిచి, తాళం ఉందో లేదో చూసి వెళ్ళేవారట, లోపలికి వెళ్ళని మనిషికి తాళంతో ఏం పని. పిలవను. రావాలనుంటే వస్తారు. నాకెందుకో ఈ పూట దిగులుగా లేదు, ఉండాలి, కాని లేదు. కిటికీలోంచి వేపపూల వాసన వస్తోంది, ఈ కంపులో కూడా అది తన దారి తాను వెతుక్కుంటూ వస్తోంది. మంచి చదువు చదివాను, నచ్చిన మనిషిని చేసుకున్నాను, నా చేత్తో నేను పని చేసుకుంటున్నాను. సూర్యలంకలో మధ్యాహ్నం పూట ఇలాగే ఉండేది, వలలు ఆరేసి మగవాళ్ళు పడవల నీడన పడుకుంటే, అమ్మావాళ్ళు ఇసకలో ఎండుచేపలు తిప్పుతూ మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ వాళ్ళూ ఆగిపోయేవాళ్ళు, గాలి కూడా ఆగేది, సముద్రం వెనక్కి వెళ్ళి మాట లేకుండా ఉండేది, నేను అమ్మ ఒళ్ళో తలపెట్టుకుంటే అమ్మ పొట్టలో గుడగుడ వినిపించేది, అంత నిశ్శబ్దం. ఇప్పుడిక్కడ కూడా అలాగే ఉంది. ఎంత హాయిగా ఉంది, చెవులకి ఎంత సుఖంగా ఉంది, ఇందాకటినుంచి చెవిలో జోరీగలా ఏదో ఉండేది, అదీ పోయింది, చుక్క, ఎంత మెత్తగా పడుతోంది, చుక్క, ఇసకలో వాన చినుకులా చప్పుడు లేకుండా, చుక్క.

నా చేతి మీద ఇంకో చెయ్యి పడింది. పెద్ద చెయ్యి, ఎముకలు తేలిన చెయ్యి. నా వేళ్ళని పక్కకి తోసి కుళాయి మూసేసింది.

"స్టవ్" అన్నారు సార్.

స్టవ్‌లో గాలి అయిపోయింది. బుర్రుమనే చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలియదు, నేను దాన్నే హాయి అనుకున్నాను. నీలం మంట బర్నరు చుట్టూ కొనఊపిరితో ఉంది. ఫ్లాస్కు అడుగున పచ్చగా, పసుపు కొమ్ము అరగదీసినట్టు, సన్నటి పొర. నా చేతిలో గాజుకడ్డీ ఇంకా ఫ్లాస్కులోనే ఉంది, చెయ్యి దాన్ని తిప్పబోతోంది, అలవాటు కదా. "కదపకు. కడ్డీ వదిలెయ్. వదిలేసి వెనక్కి జరుగు." వదిలాను. ఆయన మోచేత్తో నన్ను వెనక్కి నెట్టి, నాకూ ఫ్లాస్కుకీ మధ్య నిలబడ్డారు. సార్ మీ కన్ను అన్నాను, ఉన్న ఒక్క కన్ను సార్ అనబోయాను. "నోరు మూసుకో" అన్నారు. ఆయన నన్ను ఎప్పుడూ అలా అనలేదు. వంగి, పంపుని మెల్లిగా లాగి, మెల్లిగా నొక్కారు, పసిపిల్లకి ఊయల ఊపినట్టు, మంట లేస్తే కాస్త ఆగారు, మళ్ళీ నొక్కారు. వీపు తప్ప నాకేమీ కనిపించడం లేదు, తెల్ల చొక్కా చెమటకి అంటుకుపోతోంది. నేను తలుపు దాకా పరిగెత్తొచ్చు. పరిగెత్తలేదు, ధైర్యం కాదు, కాళ్ళు రాలేదు. స్టవ్ మళ్ళీ బుర్రుమంది. నీళ్ళ గిన్నె చిన్నగా ఆవిరి పట్టింది. తర్వాత బుడగ, ఒకటి, ఇంకొకటి, తర్వాత అన్నీ కలిసి నురగలా లేచి, ఫ్లాస్కు మెడ దాకా వచ్చి, అక్కడ కాసేపు ఆలోచించి, దిగిపోయాయి. పచ్చ పోయింది. కింద నూనె చుక్కలు మిగిలాయి, బంగారం రంగులో, ఒకదాన్నొకటి వెతుక్కుంటూ.

నేను క్షమించండి సార్ అన్నాను, వినపడిందో లేదో. ఆయన థర్మామీటరు వైపు వంగి, ఉన్న కన్ను చిట్లించి చూస్తున్నారు. చివరికి డెబ్బై అన్నారు, తనకి తనే. గాజుకడ్డీని ఫ్లాస్కులోంచి తీసి, వెలుతురుకి ఎత్తి చూసి, కొన మీద ఉన్న నూనెని వేలితో తుడిచి, వాసన చూశారు. ఏమైనా అంటే ఆయనకి గుర్తొస్తుందేమో చేతిలో ఉన్నది గాజని. కడ్డీని తిరిగి లోపల పెట్టారు. కుళాయి తిప్పారు. చుక్క, బుడగ. చుక్క, బుడగ. నాకంటే బాగా, నాకంటే సమంగా, మధ్యలో ఒక్క తొట్రుపాటు లేకుండా. రెండు వేళ్ళు కుళాయి మీద ఉన్నాయో లేవో అన్నట్టు ఉన్నాయి. గరాటు ఖాళీ అయితే ఐసులోంచి తీసి పోశాను. మళ్ళీ ఖాళీ అయితే మళ్ళీ పోశాను. స్టవ్‌కి గాలి కొట్టాను, ఈసారి మరిచిపోకుండా. ఆయన నా వైపు చూడటం లేదు, నేనున్నానన్న సంగతే లేదు. ఏదో సణుగుతున్నారు, వినబోతే అది పాఠమే, నైట్రోజన్ పోవలసిందే, ఉంచుకుంటే ఎలా, ఎప్పటికప్పుడు పోనివ్వాలి అని, ఎదురుగా క్లాసు ఉన్నట్టు.

ఆఖరి చుక్క పడింది. బుడగ వచ్చి పోయింది. ఆయన కుళాయి వదల్లేదు, ఖాళీ గరాటు పైకెత్తి చూసి, నా వైపు తిరిగారు. "ఇంకా ఉందా?"

లేదండి, అయిపోయింది అన్నాను. నాకు కావలసినంత సల్ఫైడు వచ్చేసిందండి, ఇంక వేరుచేసి కడగడమే అన్నాను.

ఆ మాట ఆయనకి నచ్చలేదు. ఐసు గిన్నెలోకి తొంగి చూశారు, బల్ల మీది సీసాలన్నీ ఒక్కొక్కటే పరకాయించి చూశారు. "అనిలీన్ ఉందా?"

"ఉందండి."

"మరి నిలబడి చూస్తావేంటమ్మాయ్? కలుపు."